వెళ్ళొస్తానన్న దయ్యం

పోయిన వానల్లో మా మనవరాలు ఒక జపాను దయ్యాల సీరియల్ చూసింది. పది వారాలు, పది భాగాలు. పక్క కుర్చీలో కూర్చుని నేనూ చూశాను, సగం నిద్రలో, సగం మెలకువలో. ఒక పాత అపార్ట్‌మెంటు, ఎప్పుడూ తడిగా ఉండే మెట్లు, ముఖం సరిగా కనబడని ఒక మనిషి. తొమ్మిది భాగాలు మమ్మల్ని ఊపిరి తీసుకోనివ్వలేదు. పదో భాగంలో ఆ దయ్యం గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని, ఒక చిన్న మాట అని, తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. తెర నల్లబడింది. అయిపోయింది.

"ఎండింగ్ వేస్ట్ లా తాతా!" అని, మా మలేషియావాళ్ళ తోక 'లా' తగిలించి, ఆ అమ్మాయి చేతిలోని దిండు గోడకేసి కొట్టింది. "పది వారాలు కూర్చోబెట్టి ఇదా ఎండింగ్?"

నేను నవ్వాను. ఇలాంటి ముగింపు ఒకటి ఒకప్పుడు నేనే ఒక హాలు నిండా జనానికి అంటగట్టి తిట్లు తిన్నాను. నవ్వాక, ఆ దయ్యం అన్న చిన్న మాట గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. ఆ మాట సంగతి చివర్లో చెబుతాను. కొట్టువాళ్ళ పిల్లవాణ్ణి, మంచి సరుకు ముందే బయట పెట్టను.

ఉద్యోగ జీవితం గురించి పిల్లలకి పనికొచ్చేట్టు ఏదైనా రాయమన్నారు మా తెలుగు సంఘంవాళ్ళు. పోర్ట్ క్లాంగ్ గిడ్డంగుల్లో ముప్పై ఏళ్ళు చేశాను, అది రాస్తే మీరు రెండో పేరాకే నిద్రపోతారు. అంతకుముందు దిగువ పేరాక్‌లో ఒక చిన్న పట్నంలో రెండేళ్ళు ఒక ఉద్యోగం చేశాను. ఆ ఉద్యోగం ఇప్పుడు లోకంలో లేదు. మీలో తెలుగు వింటే తెలిసి చదవడం రానివాళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళ చేత చదివించుకోండి. అసలు ఆ ఉద్యోగమే అది: ఒకరికి తెలియని మాటని ఇంకొకరు నోటితో చెప్పడం.

మా నాన్నది పచారీ కొట్టు. బియ్యం బస్తాల మధ్య, బేరాల మధ్య పెరిగాను. నాకు 'అమ్మ' అనడానికన్నా ముందు 'ఇంకొంచెం వెయ్యి' అనడం వచ్చిందని మా అమ్మ చెప్పుకునేది. ఇరవై నాలుగేళ్ళకి కొట్టు విసుగెత్తి, పక్క వీధిలో ఉన్న సినిమా హాలు యజమాని, మా మాటలో తౌకే, దగ్గరికి వెళ్ళి, నాకు అయిదు భాషలు వచ్చని చెప్పాను. వాటిలో రెండు రావు. తౌకే చీనా మనిషి, ముఖం చూసి మనిషిని తూచేవాడు. "మూడొస్తే చాలు, గొంతు పెద్దదేనా?" అన్నాడు. అరిచి చూపించాను. వీధిలో కుక్క మొరిగింది. ఉద్యోగం దొరికింది.

పని ఇది. హాలుకొచ్చే బొమ్మల్లో జపానువి, హాంగ్‌కాంగ్‌వి ఉండేవి. కింద చీనా అక్షరాలు పడేవి. మిషన్ ఆడించేవాడు చీనా యువకుడు, నాకన్నా రెండేళ్ళు పెద్ద. తన గది కిటికీలోంచి ఆ అక్షరాలు చదివి బజారు మలాయిలో నాకు చెప్పేవాడు. నేను ఆ కిటికీ కింద, ఆడవాళ్ళ బెంచీల పక్కన, రేకు గొట్టం నోటికి పెట్టుకుని నిలబడి తెలుగులో అరిచేవాణ్ణి. జపాను నుంచి చీనాకి, చీనా నుంచి మలాయికి, మలాయి నుంచి మా వాళ్ళ శ్రీకాకుళం యాసకి. నా దాకా వచ్చేసరికి ఆ మాట మూడు రేవుల్లో దిగి ఎక్కిన మూటలా ఉండేది, తాడు ఒకచోట, సరుకు ఒకచోట.

చూసేవాళ్ళు ఎస్టేట్ల జనం. అవి మలయా ఎమర్జెన్సీ రోజులు, అడవిలో కమ్యూనిస్టులకి తిండి అందకూడదని తెల్లదొరల కట్టడి. కూలీ లైన్ల చుట్టూ ముళ్ళకంచె, గేటు దగ్గర సోదాలు, అన్నం మూట కూడా బయటికి తేకూడదు. పొద్దుగూకకముందే గేటు మూసేస్తారు. శనివారం సగం పూట పని అయ్యాక లారీలో వచ్చి, గంటన్నర బొమ్మ చూసి, ఎండ ఉండగానే లారీ ఎక్కాలి. అందుకని మా తౌకే ఒక్కో బొమ్మని మూడు ముక్కలు చేసి మూడు శనివారాలు ఆడించేవాడు. ఈ సీరియళ్ళు ఇప్పుడు వచ్చాయనుకుంటున్నారు మీరు. మేం రేకుల కప్పు కింద అప్పుడే చూశాం.

మెర్డేకా, అంటే మా స్వాతంత్ర్యం, ఇంకో నెల ఉందనగా ఆ జపాను దయ్యం బొమ్మ వచ్చింది. అప్పటికి జపానువాళ్ళు మా దేశం వదిలి పన్నెండేళ్ళు. వాళ్ళ బొమ్మకి జనం వస్తారా అని తౌకేకి అనుమానం. "దయ్యం కదా, వస్తారు" అన్నాను. వచ్చారు. జపానువాళ్ళు దయ్యాలవడం చూడ్డానికే కొందరు వచ్చారు.

కథ చిన్నది. కాగితపు గొడుగులు చేసే ఒకతను గొడుగులు అమ్మడానికి పట్నం బయల్దేరతాడు. దారిలో ఏటి పడవ మునుగుతుంది. అది మనకి చూపిస్తారు, భార్యకి తెలియదు. వాన పడిన ప్రతి రోజూ అతను ఇంటికొస్తాడు. అన్నం తింటాడు, గొడుగు పుల్లలు చెక్కుతాడు. అతను నడిచిన చోట నేల తడుస్తుంది. ఆవిడ ఏమీ అడక్కుండా గుడ్డతో తుడుస్తుంది. ఆ తుడవడమే పది నిమిషాలు. మా రేకుల మీద కూడా వాన పడుతుంటే, తెర మీద వాన ఏదో, మా వాన ఏదో తెలిసేది కాదు. హాలంతా నీళ్ళ కింద ఉన్నట్టుండేది. బీడీల పొగలో లేత వెలుగు ఈదుతుండేది, గొంతు చించుకుని అరుస్తున్నా నా గొంతు నాకే ఎక్కడో దూరాన్నుంచి వినబడేది.

ఆడవాళ్ళ మొదటి బెంచీ చివర, నా మోచేతికి తగిలేంత దగ్గర, ఒకావిడ కూర్చునేది. ముప్పై అయిదేళ్ళుంటాయి. రబ్బరు తోటలో చెట్లు గీసి పాలు తీసే పని. నేను అక్క వరసలో అప్పా అనేవాణ్ణి, ఆవిడ నన్ను తమ్ముడూ అనేది. మిగతా ఆడవాళ్ళు దయ్యం వస్తే కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకునేవాళ్ళు. ఆవిడ మాత్రం ఆ తుడిచే గుడ్డకేసే చూసేది.

మొదటి శనివారం బొమ్మ అయ్యాక టికెట్ల కిటికీ దగ్గరికి వచ్చింది. అక్కడ కూర్చుని నేను జనానికి కాగితాలు కూడా నింపి పెట్టేవాణ్ణి. ఆ నెలంతా పౌరసత్వం కాగితాలే. ఆవిడది నేను నింపిందే, ఎస్టేటు ఆఫీసు వెనక్కి పంపింది. 'భర్త' అన్న గడి ఖాళీగా ఉంది: బతికి ఉన్నాడా, పోయాడా.

"ఏటి రాయమంతావు అప్పా?"

"నాకేటి తెలుసు తమ్ముడూ? సయాం రైలు పనికని జపానోలు లారీ ఎక్కించినారు. నానప్పుడు ఆల దొర బంగలాలో ఊడుస్తున్నాను. పరిగెట్టుకొచ్చీసరికి లారీ కదుల్తంది. 'ఎల్లొత్తాను' అన్నాడు. అంతే."

"పన్నెండేళ్ళు దాటిపోయింది కదప్పా."

"దాటింది. అందరూ సెప్పినారు, నువ్వులూ నీల్లూ ఒగ్గియ్యమని. వొత్తానన్న మనిషికి ఎలగ ఒగ్గుతాం?"

నుదుటి మీద బొట్టు పెద్దది. వానకి కొంచెం కరిగి ఉంది.

ఆ బంగళాలో ఏం చేసేదని మర్యాదకి అడిగాను. ఆ జపాను దొర బూట్లు గుమ్మంలో పెట్టడం, ఇల్లు ఊడవడం, రెండు వానాకాలాలు చేశానంది. ఆ మాట నేను పట్టించుకోలేదు. "మూడో శనివారం దాకా గడువిచ్చినారు. ఆ బొమ్మలో ఆవిడేం సేత్తాదో సూసి సెప్తాను" అని లారీ ఎక్కింది.

నేను నవ్వేశాను. మా కొట్లో కూడా కొందరు ఇలాగే ఉండేవారు, పక్కవాడు కొన్నదేదో చూసి కొనేవారు.

మూడో శనివారం హాలు కిక్కిరిసింది. బొమ్మలో వానలు తగ్గాయి. గొడుగులతను ఇంట్లో నిలబడి చేతులు చూసుకుంటున్నాడు. భార్యకి అప్పటికి అంతా తెలుసు, తెలిసినట్టు కనబడదు. బయట ఎండ. అతను గుమ్మంలో గడ్డి చెప్పులు వేసుకున్నాడు.

"దెయ్యానికి కాల్లున్నాయేటి, సెప్పులేసుకుంతంది?" అని మగాళ్ళ వైపు నుంచి ఒక ముసలి మేస్త్రీ అరిచాడు. హాలు నవ్వింది, వెంటనే సద్దుకుంది.

అతను గొడుగు తీసుకున్నాడు. ఎండలో గొడుగు. వెనక్కి తిరిగి ఒక మాట అన్నాడు. 'ఇత్తె' అని మొదలైన చిన్న మాట, తోక నోట్లోనే కరిగిపోయింది. సరిగ్గా అప్పుడే మా రేకుల మీద వాన కూడా ఆగడంతో ఆ మాట అందరికీ వినబడింది. నా పక్కన అప్ప ఆ మాటనే పెదాల మీద తిరిగి పలికింది, కొంచెం తప్పుగా.

"ఇత్తే? ఇత్తే ఏటిత్తాడు?" అన్నాడు ముసలి మేస్త్రీ. ఈసారి నవ్వు ఆగలేదు. మన యాసలో 'ఇస్తే' అన్నమాటే కదా. ఆ నవ్వు వల్లనే ఆ 'ఇత్తె' నా చెవిలో ఇన్నేళ్ళు ఉండిపోయింది.

పై కిటికీలోంచి మిషన్ అతను మలాయిలో అందించాడు: "పెర్గి." వెళ్తున్నాను.

నేను గొట్టం ఎత్తాను. గుమ్మంలో నిలబడ్డ మగవాడు, లోపల భార్య. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పుట్టినప్పటినుంచీ మా ఇంటి గుమ్మంలో విన్నదే నోటికొచ్చింది.

"ఎల్లొత్తాను అంతన్నాడు!"

అతను ఎండలోకి నడిచాడు. తలుపు తెరిచే ఉంది. ఆవిడ నేల వైపు చూసింది, నేల పొడిగా ఉంది. దీపాలు వెలిగాయి.

ఎవరూ లేవలేదు.

"తర్వాతేటి?" అంది ఒకామె.

"అంతే. అయిపోయింది."

"అయిపోడం ఏటి? వొత్తానన్నాడు కదా! ఎప్పుడొత్తాడు?"

"వొచ్చే శనివారం ఒత్తాడేటి సావుకారబ్బాయీ?"

"ఇంకో రీలు దాసుకున్నారు లా! తియ్యండి!"

నాకు బేరం తెలుసు. కొట్లో సరుకు ముందుంటే ఎప్పుడూ గెలిచాను, లేని సరుకుకి బేరం ఆ రోజే మొదటిసారి. రీళ్ళన్నీ అయిపోయాయన్నాను. సగం రీలన్నా వెయ్యమన్నారు. సగం కూడా లేదన్నాను. "పోనీ కొసరు!" అన్నాడు మేస్త్రీ. "అతగాడు వొస్తన్నట్టు దూరంనుంచి ఓ ముక్క. ముకం కూడా సూపించక్కర్లేదు. మీ నాన్న కొట్లో సింతపండుకి కూడా కొసరేస్తాడు!" లారీ డ్రైవరు హారన్ మోగించి ఉండకపోతే తెర చింపి వెనక వెతికేవాళ్ళే.

వాళ్ళు వెళ్ళాక తౌకే నన్ను పిలిచాడు, మిషన్ అతన్నీ పిలిచాడు.

"వాడు తిరిగొస్తాడని ఎవరు చెప్పారు?"

మిషన్ అతను నా వైపు వేలు చూపించాడు. "నేను పెర్గి అన్నాను. వెళ్తున్నాను. బాలిక్ అన్నానా? తిరిగొస్తాననే మాట నా నోట వచ్చిందా?"

"మా వాళ్ళు ఎప్పుడూ అలాగే అంటారు" అన్నాను.

"వెళ్ళేటప్పుడు తిరిగొస్తామంటారా? రానివాళ్ళు కూడానా?"

 మనలో మార్కెట్‌కి వెళ్ళేవాడూ అదే అంటాడు, ఓడెక్కేవాడూ అదే అంటాడు. వెళ్తాను అంటే ఇంట్లోవాళ్ళు నోరు మూసేస్తారు. ఆ మాటలో 'వస్తాను' ఎంత నిజమో ఎవరూ తూచి చూడలేదు.

తౌకే తేల్చేశాడు. "వచ్చే శనివారం కొత్త బొమ్మ. మొదలెట్టే ముందు నిలబడి సరిచెయ్. వాడు పోయాడు, రాడు, అని చెప్పు. లేకపోతే నువ్వే వాణ్ణి తీసుకురా." నేను బేరం పెట్టాను: గొడుగులతను పక్క ఊళ్ళో మళ్ళీ పుట్టాడని రెండు మాటలు కలుపుతాను, జనం శాంతిస్తారు, అన్నాను. "నీ దగ్గర మూడు భాషలున్నాయి" అన్నాడు తౌకే. "అబద్ధానికి ఒక్కటి కూడా వాడకు."

ఆ వారమంతా నాకు ఆ పొడి నేలే కనబడింది. పచారీ లెక్క రాస్తుంటే నాన్న చొక్కా అంచున తడి ఉందా అని చూసేవాణ్ణి. మధ్యాహ్నం ఎండలో ఎవరైనా గొడుగు వేసుకుని వెళ్తుంటే ఆగి, మలుపు తిరిగేదాకా నిలబడేవాణ్ణి.

శనివారం లారీ ఇంకా ఆగకముందే ఆవిడ దిగింది. నేరుగా కిటికీ దగ్గరికొచ్చి కాగితం నా ముందు పెట్టింది. గడి ఖాళీ. గడువు ఒక వారం బతిమాలుకుందట, ఇదే ఆఖరి రోజు. ఈ లారీలో వెనక్కి వెళ్ళి ఆఫీసులో ఇవ్వకపోతే, మెర్డేకా వచ్చాక ఏ దేశం మనిషివంటే చూపించడానికి ఆవిడ చేతిలో ఏమీ ఉండదు.

"ఏటన్నాడు తమ్ముడూ, ఆ గొడుగులాయన? ఎల్లినప్పుడు?"

"మొన్న చెప్పాను కదప్పా."

"మొన్నటిది కాదు. బాగా ఆలోసించి సెప్పు. నువ్వేటంతే అదే రాయించుకుంతాను."

నేను పెన్ను తిప్పుతూ కూర్చున్నాను. అటూ ఇటూ కాని మాట కోసం వెతికాను. బేరగాడి దగ్గర అలాంటి మాటలు చాలా ఉంటాయి. "చీనా అక్షరాల్లో ఒకలా ఉందట, అప్పా, నేనేమో..."

"అదీ ఇదీ ఒద్దు. ఒక్క మాట. ఎల్తానన్నాడా, ఎల్లొత్తానన్నాడా?"

ఆవిడ కళ్ళు నా మీద లేవు, నా పెన్ను మీద ఉన్నాయి. తౌకే మాట గుర్తొచ్చింది. మిషన్ అతని పెర్గి గుర్తొచ్చింది.

"ఎల్తానన్నాడప్పా" అన్నాను. "తప్పు నాదే. వొత్తానని అనలేదు."

ఆవిడ ఊపిరి వదిలింది. చాలా దూరం మోసుకొచ్చిన బరువు దింపినవాళ్ళు అలా వదులుతారు.

"అయితే రాసీ."

గడిలో 'పోయాడు' అని రాశాను. సిరా ఆరేదాకా ఊదాను. ఆవిడ కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని, "ఎల్లొత్తాను తమ్ముడూ" అంది. కొత్త బొమ్మ చూడలేదు. లారీ పక్కనే నిలబడిపోయింది.

హాల్లో నిలబడి సరిచేశాను. గొడుగులతను వెళ్తానన్నాడు, అంతే అన్నాడు, నా నోరు జారింది, అన్నాను. అరుస్తారనుకున్నాను. గొణిగారు. "పెల్లం ముందు నిలబడి ఎవుడైనా ఎల్తానంతాడేటి?" అన్నాడు మేస్త్రీ. వెనకెవరో, "జపానోడు గదా, అంతాడు" అన్నారు. నవ్వడానికి నోళ్ళు తెరిచారుగాని, నవ్వు రాలేదు. ఆ హాల్లో, యుద్ధంలో జపానువాళ్ళు వేయించిన ఆ సయాం రైలుకి ఎవర్నో ఒకర్ని పంపి పోగొట్టుకోని ఇల్లు తక్కువ.

మెర్డేకా రోజు పట్నం మైదానంలో జెండాలు, బ్యాండు, కలకండ నీళ్ళు. అందరూ చెయ్యెత్తి అరుస్తున్నారు. ఆ గుంపులో ఆవిణ్ణి చూశాను. నుదురు ఖాళీగా ఉంది, ఎండ నేరుగా పడుతోంది. అంతకు వారం ముందు ఏటి దగ్గర నువ్వులూ నీళ్ళూ వదిలిందని లారీ డ్రైవరు చెప్పాడు. చెయ్యెత్తి అందరితోపాటు "మెర్డేకా!" అని అరిచింది. ఆవిడ నన్ను చూడలేదు. నాకు గర్వంగానూ ఉంది, దొంగతనం చేసినట్టూ ఉంది. ఆ తర్వాత ఏ ఆస్పత్రిలోనో ఆయా పనికి చేరిందని విన్నాను. మా హాలుకి మళ్ళీ రాలేదు. ఏడాది తిరక్కుండా నేనూ ఆ ఉద్యోగం మానేశాను. గిడ్డంగుల్లో పెట్టెలకి ముగింపులుండవు, వచ్చినవి వెళ్తాయి.

ఇక దాచిన సరుకు.

మనవరాలు దిండు విసిరాక అడిగాను: "చివర్లో ఆ దయ్యం ఏదో అంది, ఇత్తె అని. ఏమిటది?"

ఆ అమ్మాయి పోర్ట్‌లో జపాను కంపెనీలో పని చేస్తుంది, క్లాసులకి వెళ్ళి భాష నేర్చుకుంది. "ఇత్తెకిమాస్. బై లాంటిది తాతా. ఇంట్లోంచి బయటికెళ్ళేటప్పుడు రోజూ అంటారు."

"అంటే వెళ్తాననా?"

"వెళ్తాను కాదు లా. ఇత్తె అంటే గో, కిమాస్ అంటే కమ్. గో అండ్ కమ్." కాస్త ఆగి తనే ఆశ్చర్యపోయింది. "అరె, మన వెళ్ళొస్తాను!"

బయట వాన పడుతోంది.  యాభై ఏళ్ళు దాటాయి. ఆ రోజు నోరు జారి అన్నదే సరైన మాట. ఆలోచించి సరిచేసిందే తప్పు. ఆ తప్పునే కాగితంలో రాసి, ఊది, ఆరబెట్టి, ఒక మనిషి చేతిలో పెట్టాను. మూడు రేవులు దిగి వచ్చిన మూట దారిలో ఎక్కడా చెడలేదు. చేరాక నేను విప్పి పాడు చేశాను.

అక్కడితో లేచిపోవచ్చు. కాని నాకు కొసరు అడగడం అలవాటు.

"ఇంట్లో ఉండిపోయేవాళ్ళు ఏమీ అనరా?"

"అంటారు. ఇత్తెరషాయ్. వెళ్ళిరా అని. ప్రతి పొద్దునా, ప్రతి గుమ్మంలో. ఇంట్లో పనిచేసేవాళ్ళయినా సరే, అనాలి."

బంగళా గుమ్మం. బూట్లు. రెండు వానాకాలాలు, ప్రతి పొద్దునా.

మా మిగతావాళ్ళకి తెలిసిన జపాను అంతా నిలబడు, వంగు, లెక్కపెట్టు. ఇంట్లో మాట్లాడుకునే మాటలు మాకెవరు నేర్పారు? ఆ హాల్లో ఆ మాట అర్థం తెలిసిన మనిషి ఒకరే, ఆ బంగళా ఊడ్చిన అప్ప. తెలిసే, వారం తర్వాత నా కిటికీ ముందు నిలబడి, ఏమన్నాడో నన్ను చెప్పమంది. రాడు అన్న మాట తన నోటితో అనలేక, వొత్తానన్న మనిషికి తనంతట తను నీళ్ళొదల్లేక, దాన్ని నా చేత అనిపించుకుని పట్టుకెళ్ళింది. ఆ రోజు బేరం నేనే చేస్తున్నాననుకున్నాను.

"నువ్వు అను చూద్దాం" అంది మనవరాలు.

రెండుసార్లు అన్నాను. రెండుసార్లూ తప్పేనంది, పడి పడి నవ్వింది. బెంచీ చివర కూర్చున్న ఆ అప్ప పెదాలు నాకు మళ్ళీ కనబడ్డాయి. గుమ్మంలో నిలబడ్డ మనిషి మాటని ఆవిడ తిరిగి పలికిందనుకున్నాను, కొంచెం తప్పుగా. ఆవిడ బదులిచ్చింది, వెళ్ళిరా అని. ఆ హాల్లో ఆ రోజు సరిగ్గా పలికింది ఆవిడొక్కతే.